ఇంటర్ రెండో ఏడాది: దరఖాస్తుల భారం పిల్లల మీద పడకుండా ఏ నెలలో ఏ పని చేయాలి?

అమ్మా, ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను, నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీరు గాజువాకలో ఉంటున్నారు. మీ అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఉదయం ఆరున్నరకు కాలేజీ బస్సు ఎక్కితే రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరుతుంది. బంధువులు, కాలేజీవారు, తోటి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు కలిసి తొమ్మిది ప్రవేశ పరీక్షల పేర్లు చెప్పారు. ఇవి చాలవన్నట్టు మీ అన్నయ్యగారు అమెరికాలో డిగ్రీకి కూడా ప్రయత్నించమంటున్నారు. ఇంకా ఆగస్టు నెలే అయినా అమ్మాయికి తలనొప్పులు వస్తున్నాయి, నిద్ర పట్టడం లేదు, "ఏదో ఒక తేదీ మరిచిపోతానేమో" అని పదేపదే అంటోంది. ఈ ఏడాదిని ఎలా దాటించాలి అని అడిగారు.

నేను విశాఖలో 26 ఏళ్ళు జూనియర్ కాలేజీల్లో గణితం చెప్పాను. చివరి ఎనిమిదేళ్ళు ప్రవేశాల సమయంలో తల్లిదండ్రులకు సలహాలిచ్చే బల్ల దగ్గర కూడా కూర్చున్నాను. ఆ బల్ల దగ్గర నాకు అర్థమైనదేమిటంటే, పిల్లలు లెక్కల వల్ల అలసిపోతారు గాని, కుంగిపోయేది మాత్రం చదువు, కాగితాల పని, ఏ కాలేజీలో చేరాలన్న ఎంపిక మూడూ కలిసి ఏప్రిల్ నుంచి జులై వరకు ఒకేసారి నెత్తిన పడినప్పుడు. చదువును మనం ముందుకు జరపలేము. మిగిలిన రెండింటినీ జరపగలము, అందులో కాగితాల పనిని పిల్లల చేతి నుంచి పూర్తిగా తీసుకోగలము. మీ అమ్మాయి "తేదీ మరిచిపోతానేమో" అంటున్నదంటే, తేదీలు గుర్తుపెట్టుకునే పని ఇప్పుడు ఆమెదేనన్నమాట. దానిని ఈ వారమే మీరు తీసుకోండి. వంటింట్లో గోడ క్యాలెండరు మీద మీ చేతివ్రాతతో తేదీలు రాసి, "ఇక ఇవి నా పని, నువ్వు అడగనక్కర్లేదు" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి.

తలనొప్పి, నిద్ర సంగతి ముందు చూడాలి. మొదట కళ్ళు పరీక్ష చేయించండి. నా విద్యార్థుల్లో కొందరి తలనొప్పి అద్దాలతోనే తగ్గింది. రాత్రి పది దాటాక పుస్తకం, ఫోను రెండూ ఆపించండి. మూడు వారాలైనా నిద్ర కుదరకపోయినా, తిండి తగ్గినా, స్నేహితులతో మాట్లాడడం మానేసినా, "నేను ఉండి ఏం లాభం" వంటి మాట ఒక్కసారి విన్నా, పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకోకండి. మానసిక సమస్యలకు సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ వారి 14416 నంబరు ఉచితం, ఏ సమయంలోనైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఓపీ ఉంది. మన ఊళ్ళో చినవాల్తేరు పేరు వేళాకోళానికి వాడే అలవాటు ఒకటి ఉంది, ఆ అలవాటు వల్ల ఎందరు పిల్లలు సమయానికి డాక్టరు దగ్గరికి వెళ్ళలేకపోయారో నేను చూశాను. ఇంకొక సంగతి కూడా తెలిసి ఉండాలి. విశాఖలో చదువుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది: 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి, కోచింగ్ సంస్థలు మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడదీయడం, నలుగురి ముందు అవమానించడం మానుకోవాలి. మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరని మర్యాదగానే అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఇక తొమ్మిది పరీక్షల సంగతి. నా పెద్దమ్మాయి చదువుకునే రోజుల్లో నేనే ఈ తప్పు చేశాను. "ఎందుకైనా మంచిది" అనుకుంటూ దొరికిన ప్రతి దరఖాస్తూ నింపించాను, పదకొండు అయ్యాయి. ఆరో పరీక్ష నాటికి పిల్ల ఏ ఊరిలో ఏ పరీక్ష రాస్తున్నదో తనకే తెలియని స్థితికి వచ్చింది. ఒక ఉదయం గత వారం పరీక్ష హాల్‌టికెట్ పట్టుకుని కేంద్రానికి బయలుదేరింది. గేటు దగ్గర ఏడ్చిన ఆ పది నిమిషాలు నాకింకా గుర్తే. ఆ పదకొండింటిలో చివరికి పనికివచ్చింది ఒక్కటే, అది ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్.

కాబట్టి మీ జాబితాను నాలుగుకు తగ్గించండి. ఎన్ఐటీల వంటి జాతీయ సంస్థలకు జేఈఈ మెయిన్, రాష్ట్రంలోని ఇంజనీరింగ్ కాలేజీలకు ఏపీ ఈఏపీసెట్ తప్పనిసరి. మూడోది, అమ్మాయి నిజంగా చేరడానికి, మీరు నిజంగా ఫీజు కట్టడానికి సిద్ధంగా ఉన్న ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయం పరీక్ష. రుషికొండలోని గీతం కావచ్చు, ఇంకొకటి కావచ్చు, కానీ ఒకటే. నాలుగోదిగా నేను లెక్కపెట్టేది ఇంటర్ పబ్లిక్ పరీక్షలనే. ఎవరూ వీటిని ప్రవేశ పరీక్షగా చూడరు గాని, ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. జేఈఈ మెయిన్ ద్వారా ఎన్ఐటీలో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం మార్కులు గాని, బోర్డులో పైనున్న 20 పర్సంటైల్‌లో స్థానం గాని కావాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 65 శాతం చాలు. అంటే మార్చిలో రాసే జవాబు పత్రమే రెండు దరఖాస్తులకు ఆధారం. ఐఐటీలకు రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ గురించి ఇప్పుడు ఇంట్లో మాట్లాడకండి. మెయిన్ నుంచి మొదటి రెండున్నర లక్షల మందికే ఆ అవకాశం వస్తుంది, వస్తే అప్పుడే చూసుకోవచ్చు.

అమెరికా విషయంలో మీ అన్నయ్యగారి ఉద్దేశం మంచిదే, కానీ లెక్క కుదరదు. అక్కడి చాలా కాలేజీలు వాడే కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది, ముందస్తు దరఖాస్తులకు సాధారణంగా నవంబరు 1, మామూలు వాటికి జనవరి 1 ప్రాంతంలో గడువులు. 650 పదాలకు మించని ఒక వ్యాసం, పైన ప్రతి కాలేజీకి విడిగా చిన్న వ్యాసాలు, అధ్యాపకుల సిఫారసు లేఖలు, ఆర్థిక సాయానికి వేరే పత్రాలు కావాలి. ఈ పని సరిగ్గా జనవరి జేఈఈ మెయిన్‌కు ముందున్న నాలుగు నెలల్లోనే పడుతుంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఒడ్డు చేరినవారు లేరని అనను, వారికి తొమ్మిదో తరగతి నుంచే ఆ తయారీ ఉంటుంది. మీ అమ్మాయికి ఆ కోరిక లేనప్పుడు, అమెరికా మాటను బీటెక్ తరువాత ఎంఎస్ నాటికి వాయిదా వేస్తున్నామని అన్నయ్యగారికి మీరే చెప్పండి, అమ్మాయి చేత చెప్పించకండి.

ఇప్పుడు, అంటే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చేయవలసినది కాగితాల పని, దీని మీదే నేను ఎక్కువ చెబుతాను, ఎందుకంటే జూన్‌లో కన్నీళ్ళు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. మన తెలుగువారికి ఇంటిపేరుతో ఒక చిక్కు ఉంది: పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం ఉంటుంది, లేకపోతే అటుది ఇటు తిరగబడి ఉంటుంది; కొందరికి పుట్టిన తేదీ కూడా తేడాగా ఉంటుంది. జాతీయ పరీక్షల దరఖాస్తులో ఆధార్ వివరాలు సరిపోలనప్పుడు అదనపు ధ్రువీకరణ పనులు తగులుకుంటాయి. పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి తగ్గట్టు సరిచేయించండి. దీనికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా పట్టవచ్చు, అక్టోబరులో మొదలుపెడితే దరఖాస్తు గడువుకు చేరకపోవచ్చు. చిన్నప్పుడు తీసిన ఆధార్ అయితే వేలిముద్రలు, ఫొటో కూడా నవీకరించవలసి ఉంటుంది, ఒకే రోజు రెండూ ముగించండి.

రెండోది, ఈఏపీసెట్ కౌన్సెలింగులో ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు, స్థానికత తేల్చేది వాటితోనే. అమ్మాయి ఏడో తరగతిలో బడి మారి ఉంటే, ఆ పాత బడికి వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకునే పని దసరా సెలవుల్లోపు ముగించండి. వేసవిలో వెళితే గుమాస్తా సెలవులో ఉంటారు, లేదా ఆ బడే మూతపడి ఉంటుంది. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం వార్డు సచివాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఇక్కడ ఒక్క జాగ్రత్త అవసరం. ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ పత్రాలు కేంద్ర సంస్థల ప్రవేశాలకు ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత జారీ అయినవే చెల్లుతాయి. ఇప్పుడే తీసుకుని నిశ్చింతగా ఉంటే జూన్‌లో అది పనికిరాదు. కావలసిన ఆధారాలన్నీ ఇప్పుడే సిద్ధం చేసుకుని, ఏప్రిల్ మొదటి వారంలో దరఖాస్తు పెట్టండి. పైగా కేంద్ర సంస్థలకు కావలసిన నమూనా వేరు, రాష్ట్ర నమూనా వేరు. సచివాలయంలో ఆ మాట నొక్కి చెప్పండి. ఈ ఒక్క పత్రం కోసం ఒక తండ్రి జోసా (ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల ఉమ్మడి కౌన్సెలింగు) గడువు రోజున కార్యాలయం మెట్ల మీద మధ్యాహ్నమంతా కూర్చున్న సంగతి నాకు తెలుసు. ఇంట్లో ఆ పిల్లవాడు నాన్న ఫోను కోసం ఎదురుచూస్తూ అన్నం ముట్టలేదు.

దరఖాస్తులన్నిటికీ ఒకే ఈమెయిల్, ఒకే ఫోను నంబరు ఇవ్వండి, ఆ నంబరు మీదై ఉండాలి. సంక్షిప్త సందేశాలు, ఓటీపీలు, కాలేజీల ప్రకటన ఫోన్లు మీకు వస్తాయి, అమ్మాయికి రావు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, ఆమె సాయంత్రాలు ప్రశాంతంగా గడవడానికి దీనికంటే చవకైన ఉపాయం నాకు తెలియదు.

గత రెండేళ్ళుగా జేఈఈ మెయిన్ మొదటి విడత దరఖాస్తు అక్టోబరు చివరలో తెరుచుకుని నవంబరు మూడు, నాలుగు వారాల్లో ముగిసింది. మన తీరంలో అది తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేక నగరం ఎలా ఉన్నదో మీకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి విశాఖవారికి నా నియమం ఒకటే: దరఖాస్తు తెరిచిన పది రోజుల్లో ముగించడం. ఒక ఆదివారం గంటన్నర, మీరు టైపు చేస్తే అమ్మాయి పక్కన కూర్చుని పేరు, తేదీ, పరీక్షా నగరాల వరుస సరిచూస్తే చాలు. ఫొటో, సంతకం ముందే స్కాన్ చేసి ఉంచండి.

డిసెంబరు, జనవరి నెలల్లో కొత్త పని ఏదీ పెట్టకండి. మొదటి విడత పరీక్ష జనవరి చివరి పది రోజుల్లో వస్తుంది, అంటే సంక్రాంతి తరువాత వారమో రెండు వారాలో. కాలేజీలు సంక్రాంతి సెలవులు కోసివేస్తాయి. ఉన్న రెండు, మూడు రోజులైనా భోగి మంట దగ్గర, అమ్మమ్మ ఇంట్లో గడపనివ్వండి, పుస్తకాల సంచి వెంట పంపకండి. రెండు విడతలూ రాస్తే వాటిలో మెరుగైన స్కోరునే ర్యాంకుకు తీసుకుంటారు కనుక జనవరి పరీక్షను మొదటి ప్రయత్నంగా మాత్రమే చూడవచ్చు. ఈ మాట ఇంట్లో అందరూ నమ్మితేనే పిల్ల నమ్ముతుంది. ఫలితం వచ్చిన రోజు బంధువుల ఫోన్లు మీరే ఎత్తండి, పర్సంటైల్ ఎంతని అడిగితే "ఇంకో విడత ఉందండీ" అని వదిలేయండి.

ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, ఆ వెంటనే పబ్లిక్ పరీక్షలు. ఆ రోజుల్లో ప్రవేశాల మాట ఎత్తవద్దు. ఈఏపీసెట్ దరఖాస్తు ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్యలో వస్తుంది, అది పూర్తిగా మీ పని.

ఏప్రిల్, మే నెలలు అసలు పరుగు. ఏప్రిల్ మొదటి వారాల్లో మెయిన్ రెండో విడత, మే మధ్య నుంచి ఈఏపీసెట్. ఈ రెండు పరీక్షల వేగం వేరని చాలామంది పట్టించుకోరు. మెయిన్‌లో మూడు గంటలకు 75 ప్రశ్నలు, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఈఏపీసెట్‌లో అదే మూడు గంటలకు 160 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు. నాలుగు నెలలుగా ఒక్కో ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించడం అలవాటైన పిల్ల హఠాత్తుగా నిమిషానికి ఒక ప్రశ్న దాటాలి. మెయిన్ ముగిసిన తరువాత నాలుగు రోజులు పూర్తి విశ్రాంతి ఇచ్చి, ఆ తరువాత రోజు విడిచి రోజు ఒక నమూనా పరీక్ష రాయించండి. రోజుకు రెండు రాయించే కాలేజీలు ఉన్నాయి, మీరు కాదనవచ్చు. మూడో పరీక్షకు, అంటే డీమ్డ్ విశ్వవిద్యాలయానిదానికి, విడతలు ఎంచుకునే వీలుంటే ఈ రెంటికీ కనీసం వారం ఎడంగా ఎంచుకోండి.

పరీక్షకు ముందు రోజు కేంద్రం చూసి రావడం మంచి అలవాటే, అయితే అమ్మాయిని తీసుకువెళ్ళకండి, మీలో ఒకరు వెళ్ళి రండి. చినముషిడివాడ వైపు కేంద్రం పడితే గాజువాక నుంచి ఉదయం వేళ ఎంత సమయం పడుతుందో అదే గంటకు వెళ్ళి చూడండి. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో చందనోత్సవం, ఆ రోజు ఆ దారుల్లో జనం ఎలా ఉంటారో మీకు నేను చెప్పనక్కర్లేదు. తేదీలు కలుస్తున్నాయేమో పంచాంగంలో చూసుకోండి.

అందరూ పరీక్షలతో ఒత్తిడి అయిపోతుందనుకుంటారు. నా అనుభవంలో జూన్, జులై నెలలే ఎక్కువ చెడ్డవి. ర్యాంకు వచ్చిన రోజు నుంచి ఇల్లు సంత అవుతుంది, ప్రతివాడూ ఒక కాలేజీ పేరు చెబుతాడు. అందుకు విరుగుడు, ర్యాంకు రాకముందే జాబితా రాసిపెట్టుకోవడం. మే చివరి వారంలో ఒక సాయంత్రం ఆర్కే బీచ్‌లోనో, మీ డాబా మీదో ముగ్గురూ కూర్చోండి. అమ్మాయి ముందు మాట్లాడాలి: ఏ బ్రాంచి ఇష్టం, హాస్టల్లో ఉండగలదా, ఇంటి నుంచి వెళ్ళిరావాలా. తరువాత మీ ఇద్దరూ ఏడాదికి ఎంత ఖర్చు భరించగలరో దాపరికం లేకుండా చెప్పాలి. అప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయం, విజయనగరం జేఎన్‌టీయూ, మధురవాడ గాయత్రి, సంగివలస అనిట్స్ వంటివి, మెయిన్ స్కోరు బాగుంటే తాడేపల్లిగూడెం ఎన్ఐటీ, ఒక వరుసలో రాసి ముగ్గురూ సంతకం పెట్టండి. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారివి కనుక ఆ చివరి పేరును తేలికగా కొట్టివేయకండి. తరువాత ఎవరు ఏ సలహా ఇచ్చినా "మా జాబితా అయిపోయిందండీ" అనడానికి మీకు ఒక కాగితం ఉంటుంది.

జోసాలో సీటు వచ్చాక ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అని మూడు దారులుంటాయి. వచ్చినది చాలు అంటే ఫ్రీజ్. ఉన్నది చేతిలో ఉంచుకుని జాబితాలో పైనున్న ఏ సంస్థకైనా సిద్ధమంటే ఫ్లోట్. అదే సంస్థలో మెరుగైన బ్రాంచి మాత్రమే కావాలంటే స్లైడ్. మే నెలలో జాబితా రాసేటప్పుడే ఎక్కడ ఫ్రీజ్ చేస్తారో ఒక గీత గీయండి, అప్పుడు ప్రతి రౌండుకూ కొత్త చర్చ ఉండదు. రాష్ట్ర కౌన్సెలింగులో పత్రాల పరిశీలనకు ఏదైనా తేడా వస్తే కంచరపాలెం పాలిటెక్నిక్ హెల్ప్‌లైన్ కేంద్రానికి మీరే ఫైలు పట్టుకుని వెళ్ళండి.

ఈ మధ్యలో ప్రైవేటు కాలేజీల నుంచి "ఈ రోజే కడితే సీటు, రేపు ఉండదు" అని ఫోన్లు వస్తాయి. ఒకసారి నా స్నేహితుడు ఏప్రిల్‌లోనే అలా లక్షకు పైగా కట్టి, జులైలో మంచి సీటు వచ్చాక ఆ డబ్బు కోసం ఆరు నెలలు తిరిగాడు. కట్టే ముందు వాపసు నిబంధనలు రాతలో అడగండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వదిలిపెట్టకండి. విద్యార్థుల అసలు పత్రాలను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోరాదని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే చెప్పింది.

ఈ ఏడాదంతా అమ్మాయితో ప్రవేశాల గురించి వారానికి ఒక్కసారే మాట్లాడండి, ఆదివారం మధ్యాహ్నం భోజనం తరువాత అరగంట. మిగతా ఆరు రోజులు ఆ మాట ఇంట్లో వినపడకూడదు, నాన్నగారికి కూడా ఇది వర్తిస్తుంది. మొదట్లో మీకే కష్టంగా ఉంటుంది.

ఈ ఆదివారానికి పని ఒక్కటే: పదో తరగతి మెమో, ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఏమైనా కనిపిస్తే ఇక్కడే రాయండి, ఏ పత్రం ముందు మార్చాలో చెబుతాను.